సాంచాల నడుమ పాడిన క్యాసెట్టు

నాకు తాళం రాదు. సాంచా నడుస్తుంటే మాత్రం వస్తుంది. సిరిసిల్లలో మరమగ్గాన్ని సాంచా అంటాం. మా ఇంట్లో నాలుగు ఉండేవి. పుట్టినప్పటి నుంచీ ఆ చప్పుడులోనే తిన్నాను, పడుకున్నాను, చదివాను, ఫెయిలయ్యాను. కరెంటు పోయినప్పుడు పాడి చూస్తే పాట ఒక దిక్కు, నేను ఒక దిక్కు. అందుకని నా పాటలన్నీ సాంచాలు నడిపిస్తూనే రికార్డు చేశాను. పైగా ఇదొక కొత్త ప్రయోగమని నాకు నేనే చెప్పుకున్నాను.

కోరుట్లలో మా అక్క ఇల్లు. బావ దుబాయి నుంచి తెచ్చిన టేప్‌రికార్డరు బతిమాలి తెచ్చుకున్నాను. మాటలు నావే, బాణీలు నావే. గొంతు కూడా నాదే కావడం ఒక్కటే చిక్కు. అన్నీ ప్రేమ పాటలు. నేను ప్రేమిస్తున్న సంగతి ఆ అమ్మాయికి తెలియదు, పాటలు విన్నాక ఎలాగూ తెలుస్తుందిలే అనుకున్నాను. ఒక పాట మధ్యలో అమ్మ గొంతు పడింది. అది పోవాలంటే పాటంతా మళ్ళీ పాడాలి. అంత ఓపిక ఉంటే పరీక్షలే పాసయ్యేవాణ్ణి.

కోరుట్ల బస్టాండు దగ్గర క్యాసెట్ల దుకాణమాయన కాపీలు తీసి అమ్ముతాడని నా నమ్మకం. ఆ సంగతి ఆయనకింకా తెలియదు. టేప్‌రికార్డరూ క్యాసెట్టూ సంచిలో సర్దుకుని బస్సెక్కాను. కథలాపూర్ దాటాక పోలీసులు బస్సు ఆపి, మీసాలొచ్చిన ప్రతివాణ్ణీ దింపి సంచులు వెతికారు. చివరికి ఇద్దరిని స్టేషనుకు తీసుకుపోయారు. పేరు రాయని క్యాసెట్టు దొరికిన నేను ఒకణ్ణి. ఎక్కడికి పోతున్నాడో సరిగ్గా చెప్పలేకపోయిన నా ఈడువాడు ఇంకొకడు. ఆ రోజుల్లో పేరు లేని పాటల క్యాసెట్టు అంటే అడవిలో అన్నలదే అని లెక్క. అట్లా తీసుకుపోయినవాళ్ళందరూ ఇంటికి తిరిగొచ్చేవాళ్ళు కాదు.

ఎస్సై కోస్తా నుంచి కొత్తగా వచ్చినవాడు. నా టేప్‌రికార్డరులోనే క్యాసెట్టు పెట్టించి, దాన్ని చెవి దగ్గరికి తెచ్చుకున్నాడు.

"వెనకాల ఆ మిషనేవిటి? కరపత్రాలు ఎక్కడ అచ్చేస్తున్నారు?"

"సాంచా సార్. బట్ట నేసేది. మా ఇంట్లదే."

"పాడేవాడు మిషను ఆపుకోడా?"

"ఆపితే తాళం తప్పుత సార్."

చెప్తుంటే నాకే నమ్మబుద్ధి కాలేదు. ఆయన లాఠీ చేతికి తీసుకుని తర్వాతి పాట పెట్టమన్నాడు. అలా ఒకటీ, ఇంకొకటీ. ఒకచోట నేను విరహంతో ప్రాణం విడిచేస్తుండగా అమ్మ గొంతు ఖంగుమంది: "అరేయ్, పోగు తెగింది కనవడ్తలేదారా? గా ఏడుపు బంద్ జేసి సాంచా ఆపు."

కానిస్టేబుళ్ళు నవ్వు ఆపుకోలేకపోయారు. ఎస్సై క్యాసెట్టు తీసి నా చేతిలో పెట్టాడు.

"ఈ పాటలు విని ఎవడూ అడవిలోకి పోడు. ఉన్నవాళ్ళు కూడా బయటికొచ్చేస్తారు. వెళ్ళు."

ప్రాణం దక్కినందుకు దండం పెట్టాల్సింది పోయి, ఆ మాటకు నా మనసు చిన్నబోయింది. సంచి తీసుకోవడానికి వంగినప్పుడు, అప్పటిదాకా తల ఎత్తకుండా బెంచీ మీద కూర్చున్న ఆ రెండో మనిషి మెల్లగా అన్నాడు.

"రెండో పాట మంచిగున్నదన్నా. మల్లొకసారి ఇనబుద్ధయితుంది."

"క్యాసెట్టు రెండో దిక్కు పాటలు ఇంకా మంచిగుంటయి," అన్నాను ఉబ్బిపోయి. "నువ్వు బయటికచ్చినంక ఇనిపిస్త."

అతను సరేనన్నట్టు తలూపాడు. కానిస్టేబులు నన్ను బయటికి తోశాడు.

దుకాణమాయన మొదటి పాట సగంలోనే ఆపి నాకు చాయ్ తాగించి పంపాడు. అక్కకు వినిపిస్తే వంట పని ఉందని లేచి వెళ్ళింది. ఆ అమ్మాయి దాకా క్యాసెట్టు చేరనే లేదు. స్టేషనులోని ఆ మనిషి ఇంటికి చేరాడో లేదో నాకు ఈరోజుకూ తెలియదు, పేరు కూడా అడగలేదు. నా పాట మళ్ళీ వినాలని అడిగినవాడు అతనొక్కడే.