షాజియా పెట్టిన వాపస్ బటన్

“గిదేం తెలుగు, షాజియా? వాపస్ ఏంది?” అంటూ సాకేత్ రావు కంప్యూటర్ తెర మీద వేలు పెట్టాడు.

కోరుట్లలో లతీఫ్ ఫొటో స్టూడియో అది. తెలంగాణ కోసం సకల జనుల సమ్మె సాగుతున్న రోజులు. కరెంటు పోయినప్పుడల్లా కంప్యూటర్‌లో ఫొటోలు ఖరాబవుతున్నాయి. వేరే డిస్కులో దాచిన నకళ్లను మళ్లీ తెచ్చుకోవడానికి లతీఫ్ బిడ్డ షాజియా ఒక ప్రోగ్రాం రాస్తోంది. నకలును తిరిగి తెచ్చే బటన్‌కు వాపస్ అని పేరు పెట్టింది. జగిత్యాలలో కంప్యూటర్ చదువు చదివిన పిల్ల, తండ్రి దుకాణంలోనే పెరిగింది. ఆ ప్రోగ్రాంను స్టూడియోలన్నింటికీ అమ్ముదామని వచ్చినవాడు సాకేత్ రావు.

“పునరుద్ధరించు అని పెట్టు. చదువుకున్నోళ్లు చూస్తరు.”

“మన భాషను ఎక్కిరిస్తున్నరని పొద్దుగాల దీక్ష టెంటుల మైకు వట్టుకోని మొత్తుకున్నది నువ్వే గదనే అన్నా. మధ్యాన్నానికి నువ్వే ఎక్కిరిస్తవా?”

సాకేత్ రావు వేలు తీసేశాడు. మూలన స్టూలు మీద కూర్చున్న సరోజనకు కడుపు నిండినట్టయింది.

సరోజన బీడీలు చుట్టే మనిషి. మూడో తరగతి దాకా చదివింది. ఆ సంగతి అడగనివాళ్లకు కూడా చెబుతుంది. సిరిసిల్లలో మగ్గాల మీద బతికిన భర్త వెంకటేశం పోయాక మిగిలింది ఒక్కటే ఫొటో, అదీ చెంప మీద చెమ్మ మరకతో. ఏడాది మాసికం నాటికి పెద్దది చేయించి గోడకు కట్టాలని ఆమె పట్టు. కరెంటున్నప్పుడల్లా షాజియా కొంచెం కొంచెంగా ఆ మరక తుడిచి, ముఖాన్ని తేటగా తీసుకొచ్చింది.

ఒకనాడు షాజియా చాయ్ కోసం లోపలికి పోయింది. సరోజన భర్త ముఖం తనివితీరా చూసుకుంది. ఇక మూసి లేద్దామనుకునేసరికి తెర మీద వాపస్ కనబడింది. వాపస్ అంటే వెనక్కి పోవడమే కదా, తెలియనిదెవరికి? నొక్కింది. ఖాయమేనా అని తెర అడిగితే మళ్లీ నొక్కింది. దాచిన పాత నకలు వచ్చి, బాగుచేసినదాన్ని చెరిపేసి దాని చోట కూర్చుంది. వెంకటేశం చెంప మీదికి మరక తిరిగొచ్చింది.

“ముసలోళ్లను మిషిని కాడికి రానిస్తె గిట్లనే అయితది,” అన్నాడు అప్పుడే లోపలికొచ్చిన సాకేత్ రావు.

సరోజనకు ఒళ్లు మండింది. “ఏం దొరా, వాపస్ అని రాసి వెట్టి, వాపస్ వోతే నాది తప్పా? నా మొగని మొకం మింగుతదని నీ మిషిని ముందుగాల్ల చెప్పిందా?”

ఆ కేకకు షాజియా చాయ్ గ్లాసులతో బయటికొచ్చింది. గ్లాసులు పక్కన పెట్టి తెర చూసింది.

“తప్పు పెద్దమ్మది గాదన్నా, నా మాటది. వాపస్ అంటే తెచ్చుడైతది, పోవుడూ అయితది. కొట్లాడి గెలిచిన మాటే, అయినా తప్పే.”

ఆ మాట చెరిపేసి ‘పాత ఫొటో తే’ అని రాసింది. కింద ‘కొత్తది గూడ ఉండనీ’ అని చేర్చింది. తర్వాత స్టూలును కంప్యూటర్ ముందుకు లాగింది.

“పెద్దనాయిన మొకం నేను మల్ల సాఫ్ జేస్త. ముందుగాల నువ్వీడ కూసో పెద్దమ్మా. నేను నోరిప్ప, నువ్వే నొక్కు. ఏడ సమజ్ గాకుంటె ఆడ నన్ను తిట్టు. ఎవ్వలున్నా సరే, జోరుగ తిట్టు.”