వెలగని మూల

మొన్న శుక్రవారం పొద్దున మా పెద్దమ్మ పోయింది. ఫోన్ చేసిన అన్న, ఆమె ఒక్కగానొక్క కొడుకు, "అమ్మ లేదు చెల్లె" అన్నాడు.

పెద్దమ్మకు నోటికంటే చెయ్యి ముందు. నేతగాళ్ల వాడ దాజీ పేట్‌లో ఇంట్లోనే సాంచా, అంటే కరెంటు మగ్గం, నడిపేది. అంచులో పోగు తప్పిన తువ్వాలలు అమ్ముడుపోవు, ఇంట్లో మేమంతా అవే వాడేవాళ్లం. సాంచా దగ్గర అన్న పోగు తప్పించినప్పుడల్లా అతని వీపు మోగేది.

నాలుగేళ్ల కిందట డిసెంబరులో ఎదురింటి క్రైస్తవ నర్సు గుమ్మానికి క్రిస్మస్ నక్షత్రం, లోపల బల్బున్న ఎర్ర కాగితం చుక్క, కట్టింది. సాయంత్రం, మొహాలకు గుడ్డలు చుట్టుకున్న పదిమంది కట్టెలతో వచ్చిపడ్డారు. చుక్కను పీకి తొక్కారు. అడ్డొచ్చిన ఆమె భర్త చెయ్యి విరగ్గొట్టారు. సాంచాల మోతలోనూ ఎముక విరిగిన చప్పుడు నాకు వినబడింది. అప్పట్లో పెద్దమ్మ ఇంట్లోనే ఉండే నేను తలుపు వెనక దాక్కున్నాను. మీతో చెప్పుకోవడానికి ఇప్పటికీ సిగ్గే.

పెద్దమ్మ మాత్రం ఉరికి మధ్యలో నిలబడింది. ఇటుక ముక్కొకటి తగిలి ఆమె నుదురు పగిలింది. నెత్తురు కళ్లలోకి కారుతుండగానే, విసిరినవాడి మొహం మీది తువ్వాల పట్టి లాగింది.

"మనింటి అంచు నాకెరుక లేదనుకున్నవారా?"

తువ్వాల కింద మా అన్న. తక్కినవాళ్లు పారిపోయారు. పెద్దమ్మ అన్నను చెప్పు తెగేదాకా కొట్టి, జుట్టు పట్టుకుని ఈడ్చుకెళ్లి నర్సు కాళ్ల ముందు పడేసింది.

"గీడు నా కొడుకే చెల్లె. ఏం జేస్తవో జెయ్యి."

నర్సు ముందు పెద్దమ్మ నుదుటికి కట్టు కట్టింది.

మర్నాడు చుక్కను అన్న చేతే అతికించింది పెద్దమ్మ. ఒక మూల పూర్తిగా పోయింది. తన నెత్తురంటిన ఆ తువ్వాలలోంచి ముక్క కత్తిరించి అక్కడ కుట్టించింది.

"ఏటేటా నువ్వే కట్టాలె. నేనున్నా, లేకున్నా."

సంక్రాంతికి నువ్వుల లడ్డూలు కూడా మొదట ఆ ఇంటికే, అన్న చేతే. మొదటి ఏడు నర్సు భర్త ముట్టలేదు. మరుసటి ఏడు ఒకటి తిన్నాడు.

ఈ డిసెంబరులో మా ఇంట్లో చావు మైల అని నర్సు వాళ్లు చుక్క బయటికి తీయలేదు. నిన్న సాయంత్రం అన్న వెళ్లి వాళ్ల గడప బయట నిలబడ్డాడు.

"చిన్నాయనా, చుక్క ఇయ్యి. అమ్మ చెప్పిపోయింది."

నర్సు భర్త చుక్క తెచ్చి, వంకరగా అతుక్కున్న చేత్తోనే నిచ్చెన పట్టుకున్నాడు. అన్న ఎక్కి కట్టాడు. స్విచ్ వేస్తే నాలుగు మూలలు ఎర్రగా వెలిగాయి. తువ్వాల మూల ఒక్కటే వెలగలేదు. అన్న చాలాసేపు నిచ్చెన దిగలేదు. ఆయన నిచ్చెన వదల్లేదు.