మామయ్య పోయారు

వయసులో ఉన్న రోజుల్లో నాకు చెవులు రెండూ అద్భుతంగా పనిచేసేవి. ఆ రెంటికీ నడుమ ఉండవలసిన సరుకే కాస్త ఆలస్యంగా పనిలోకి దిగేది. ఎవరేమన్నా వినేవాణ్ణి, విన్నది నమ్మేవాణ్ణి, నమ్మింది నలుగురికీ చెప్పేవాణ్ణి. అర్థం చేసుకోవడమనే కార్యక్రమం ఆ తరువాత, తీరిక ఉంటే. న్యూజిలాండ్ వచ్చిన కొత్తల్లో నాకు వెల్లింగ్టన్‌లో ఉద్యోగం, లోవర్ హట్‌లో కాపురం (కాపురమంటే పెళ్ళాంతో కాదు లెండి, ఒక ఫ్లాట్‌లో ఇంకొక బ్రహ్మచారితో). వెల్లింగ్టన్ గాలి సంగతి మీరు వినే ఉంటారు. ఒకరోజు స్టేషన్ వైపు నడుస్తుంటే ఆ గాలి నన్ను అమాంతం ఎత్తి రైలు పెట్టెలో కిటికీ పక్కన కూర్చోబెట్టింది. నమ్మనివాళ్ళు ఒకసారి అక్కడికి వెళ్ళి గొడుగు తెరిచి చూడండి.

నా ఫ్లాట్‌మేట్‌ను అన్న అని పిలిచేవాణ్ణి. నెల్లూరు మనిషి, నాకన్నా నాలుగేళ్ళు పెద్ద, మనసు బంగారం, డిస్క్ గోల్ఫ్ అంటే పిచ్చి. పార్కులో అక్కడక్కడా గొలుసులు వేలాడే ఇనుప బుట్టలు పాతి ఉంటాయి. దూరం నుంచి ప్లాస్టిక్ పళ్ళెంలాంటి డిస్కును విసిరి, పడినచోటి నుంచి మళ్ళీ విసిరి, వీలైనన్ని తక్కువ విసుర్లలో బుట్టలో వెయ్యాలి. అదీ ఆట. ఇంతమాత్రానికి ఒక్క డిస్కు చాలదా అని నాకు అనిపించేది. అన్నకు చాలేది కాదు. దూరం పోవడానికొకటి, ఎదురుగాలికొకటి, పొదల్ని చుట్టి వెళ్ళడానికొకటి, బాగా పాతబడి చేతిలో వెన్నలా ఇమిడేదొకటి, అచ్చం దానిలాంటి కొత్తదొకటి, ఈ కొత్తది కూడా పాతబడిపోతే ఎలాగని ఇంకొకటి. సాక్సుల సొరుగు నిండా డిస్కులే. సాక్సులు ఎక్కడుండేవో ఈనాటికీ నాకు తెలియదు. వంటింట్లో గిన్నెలు ఆరబెట్టే చోట మా కంచాల సరసన అవీ నిలబడి ఆరుతుండేవి.

అంతవరకు నాకు తెలుసు. నాకు అప్పుడు తెలియని సంగతి మీకు ముందే చెప్పేస్తున్నాను, ఒకే కథలో ఇద్దరం తికమక పడటం దేనికి? అన్న తనకు ఇష్టమైన డిస్కులకు చుట్టాల వరసలు పెట్టుకున్నాడు. తిన్నగా వెళ్ళి వెళ్ళి ఆఖరున ఎడమకు తిరిగే నారింజరంగు డిస్కు పేరు మామయ్య. (నెల్లూరులో ఉన్న అసలు మామయ్య కూడా రోజూ తిన్నగా ఆఫీసుకని బయలుదేరి, ఆఖరు నిమిషంలో ఎడమ పక్కనున్న పేకాట క్లబ్బులోకి తిరిగేవారట.) వరస పెట్టాక మర్యాద తప్పదు కదా. అన్న ఆ డిస్కును 'అది' అనడు, 'ఆయన' అంటాడు. తెలుగులో ఇంత మర్యాద ఉండటం ఎంత ప్రమాదమో నాకు ఆ వేసవిలోనే తెలిసింది.

ఆ వేసవిలోనే అన్నకు సంబంధం చూస్తున్నారు. అమ్మాయి ఆక్లండ్ దక్షిణాన పాపకూరలో వాళ్ళ పెద్దమ్మ ఇంట్లో ఉంటుంది. చదువుకోవడానికి వచ్చి, చదువయ్యాక ఫార్మసీలో ఉద్యోగంలో చేరింది. ఫోన్లో ఒకసారి మాట్లాడిన దగ్గర నుంచి అన్న ఉదయం గీసిన గడ్డాన్నే సాయంత్రం మళ్ళీ గీస్తున్నాడు. శనివారం పెద్దమ్మా అమ్మాయీ విమానంలో వచ్చి అన్నను చూసి వెళ్ళాలని ఏర్పాటు. "ఈ సంబంధం తప్పిపోతే ఇంక నాకు పెళ్ళే వద్దురా" అన్నాడు నాతో. అతను అలా అనగా నేను ఏ విషయంలోనూ అంతకు ముందు వినలేదు, డిస్కుల విషయంలో తప్ప.

గురువారం సాయంత్రం నేను రైలు దిగి ఇంటికొచ్చేసరికి అన్న మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. ప్యాంటు మోకాళ్ళ దాకా తడి. ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"మామయ్య పోయారురా."

వస్తువైతే పోయింది అంటాం, మనిషైతే పోయారు అంటాం. ఇందులో సందేహించడానికి ఏముంది? సంచి కింద పెట్టి పక్కన కూర్చున్నాను.

"ఎప్పుడన్నా?"

"ఇందాకే. నా కళ్ళ ముందరే నీళ్ళలో పడ్డారు."

మామయ్య ఉండేది నెల్లూరులో కదా! "వీడియో కాల్‌లోనా?" అన్నాను.

"వీడియో ఏందిరా? ఈడే, హట్ నదిలో. నేనే విసిరా. గాలి తిప్పేసింది."

ఒక్క క్షణం నా బుర్ర గిర్రున తిరిగింది. ఆ వెంటనే అంతా తేటతెల్లమైంది. అస్థికలు! ఆయన ఎప్పుడో పోయి ఉంటారు. కిందటి వారం అన్న పేరు మీద పార్సిల్ వచ్చింది, నన్ను ముట్టుకోనివ్వలేదు కూడా. (అందులో వచ్చినవి మరో రెండు డిస్కులని ఆ తరువాత తెలిసింది.)

"అంత గాలికి ఎదురుగా విసరకూడదు కదన్నా" అన్నాను, అలాంటివి చాలా జరిపించినవాడిలా.

"అదే తప్పు చేశా" అని తల పట్టుకున్నాడు. "గమ్‌బూట్లు యేసుకోని మళ్ళీ పోతా. ఎలుతురు ఉన్నప్పుడే ఎతకాల."

"వెతుకుతావా? నీళ్ళలో కలిపేశాక?"

"వదిలేస్తానా మరి? దొరికితే కడిగి తుడిచి మళ్ళీ ఆడుకుంటా. ఆయన ఈపు మీద నా నంబర్ రాసుండాది. ఎవరికన్నా దొరికితే కాల్ చేస్తారు. ఫోన్ నీ దగ్గర పెట్టుకో. మామయ్య సంగతని ఎవరు చేసినా నువ్వే మాట్లాడు."

మామయ్య వీపు మీద ఫోన్ నంబరు. దుఃఖంలో మనిషి ఏదేదో మాట్లాడతాడని నాకు నేనే సర్దిచెప్పుకుని ఫోన్ అందుకున్నాను. అతను అటు వెళ్ళాడో లేదో అది మోగింది. చేసింది పాపకూర ఆంటీ, అంటే అమ్మాయి పెద్దమ్మ.

"అబ్బాయి లేడా బాబూ? శనివారం పొద్దున ఫ్లైట్‌కి వస్తున్నామని చెబుదామని."

"అన్న నది దగ్గరకు వెళ్ళాడాంటీ. వాళ్ళ మామయ్యగారు పోయారు."

"అయ్యయ్యో! సొంత మామయ్యేనా?"

"సొంతమే ఆంటీ. అన్న చేతుల మీదుగానే అంతా..." కళ్ళు తుడుచుకున్నాను. నేను ఆ మామయ్యను జన్మలో చూసి ఎరగను.

"ఇంట్లో అశుభం జరిగినప్పుడు చూపులేంటి బాబూ, బాగుండదు. తర్వాత చూద్దాంలే" అని పెట్టేసింది. పెళ్ళి సంబంధాల్లో 'చూద్దాం' అంటే ఇక చూడబోమని. ఆ ఒక్క మాట మాత్రం నాకు వెంటనే అర్థమైంది. మామయ్యతో పాటు అమ్మాయి కూడా పోయిందన్నమాట, పాపం అన్న!

ఆంటీ మర్యాదస్తురాలు. పరామర్శించకపోతే తప్పని నెల్లూరులో అన్న వాళ్ళమ్మకు ఫోన్ చేసింది. ఆవిడ ఘొల్లుమని తమ్ముడి ఇంటికి ఫోన్ చేసింది. ఫోన్ ఎత్తింది తమ్ముడే. కాసేపటికి అన్న ఫోన్ మళ్ళీ మోగింది.

"అబ్బయ్యా, నేను పోయానంటనే?"

"తమరెవరండీ?"

"పోయినోణ్ణే! ఎవుడు చెప్పాడో కనుక్కుందామని చేశా."

చేతిలో ఫోన్ నిప్పుకణికలా అనిపించింది. సరిగ్గా అప్పుడే అన్న కాళ్ళీడ్చుకుంటూ, ఉత్త చేతులతో లోపలికి వచ్చాడు. ఫోన్ అతని చేతిలో కుక్కి, "మామయ్య దొరికారు" అన్నాను. అతని ముఖం వెలిగింది, మరుక్షణం ఆరిపోయింది. అరగంట సేపు సంజాయిషీ నడిచింది. 'నన్ను ప్లాస్టిక్ పళ్ళేనికి తగిలిస్తావా' అని అవతలి నుంచి కేకలు. ఆఖరున కాస్త చల్లబడి, "ఇంతకీ నేను బాగా పోతానా?" అని అడిగారు ఆయన.

"అందరికన్నా దూరం పోతారు మామయ్యా."

"అట్టయితే సరే" అన్నారు.

ఆయన శాంతించారు గాని పాపకూర ఆంటీ శాంతించలేదు. చావేమీ లేదని తెలిశాక ఆవిడకు కొత్త దిగులు పట్టుకుంది. పళ్ళేలను వరసలు పెట్టి పిలిచేవాడికి పిల్లనివ్వడమా? టికెట్లు ఉన్నాయి కాబట్టి వస్తామన్నది, అంతే. వాళ్ళున్నంతసేపూ డిస్కు అనే మాట నోట రాకూడదని అన్న దగ్గర మాట తీసుకున్నాను. డిస్కులన్నీ మంచాల కింద దాచాను. వంటింట్లో గులాబీరంగుది ఒకటి మిగిలిపోయిన సంగతి గమనించలేదు.

శనివారం ఆంటీ ఇల్లు పరకాయించింది. తరువాత చొరవగా వంటింట్లోకి వెళ్ళి, తను తెచ్చిన పకోడీలను కనపడిన పళ్ళెంలో పోసి తీసుకొచ్చి టీపాయ్ మీద పెట్టింది. అన్న చూశాడు. పళ్ళు బిగించాడు. ఏం చదివారు, ఎక్కడ చేస్తున్నారు అనే ప్రశ్నలకు పకోడీల వైపు చూస్తూనే జవాబు చెప్పాడు. ఆంటీ రెండోసారి వడ్డించబోతుంటే ఇక ఆగలేకపోయాడు.

"ఆంటీ! అది మా పిన్ని!"

ఆంటీ చెయ్యి గాలిలో నిలిచిపోయింది. అయిపోయింది, సంబంధం గోవిందా అనుకున్నాను. అంతవరకు పెదవి విప్పని అమ్మాయి మాత్రం పకోడీలన్నీ ఒక న్యూస్‌పేపర్‌లోకి ఒంపి, డిస్కును చున్నీతో తుడిచింది. "నూనె తగిలితే ఏమవుతుందండీ?"

"చేతిలోంచి జారిపోతారు."

"మిగతా ఫ్యామిలీ ఎక్కడ?"

అన్న నా వైపు చూశాడు, నేను పైకప్పు వైపు చూశాను. మంచాల కింది నుంచి చుట్టాలందరూ బయటికొచ్చారు. ఆమె ఒక్కొక్కరినీ పరిచయం చేసుకుని, మెరిసిపోతున్న తెల్ల డిస్కు దగ్గర ఆగింది. "ఈవిడెవరు?"

"పేరు పెట్టలేదు. నిన్ననే కొన్నా. మామయ్య పోయారు గదా, అందుకని..."

"మొన్న పోయారు, నిన్న కొత్తావిడ వచ్చేసింది. రేపు నేను పోయినా ఇంతేనా?"

నవ్వుతూనే అడిగింది, కాని నవ్వులాటకు అడిగిన ప్రశ్న కాదు. ఆంటీ కూడా పకోడీ నమలడం ఆపింది. అన్న తడుముకున్నాడు. "కొన్నానే గాని విసర్లేకపోయానండీ. చేతికి రావడం లేదు. ఈ పొద్దు కూడా మీ ఫ్లైట్ దిగేదాకా నదిలోనే ఉన్నా" అన్నాడు. అప్పుడు చూశాం అందరం, అతని చేతుల నిండా నది ఒడ్డున పెరిగే గోర్స్ పొదల ముళ్ళ గీతలు.

ఆమె లేచి నిలబడింది. "నా సైజు గమ్‌బూట్స్ ఉన్నాయా?"

నావి ఇచ్చాను. సాయంత్రం దాకా ఇద్దరూ హట్ నదిలో రాళ్ళు తిరగేస్తూనే ఉన్నారు. మామయ్య దొరకలేదు. దొరకలేదని వాళ్ళలో ఎవరూ విచారించినట్టు కనిపించలేదు. ఒడ్డున పట్టుచీరలో నిలబడ్డ ఆంటీ నన్ను అడిగింది. "వాళ్ళసలు ఏం వెతుకుతున్నారు బాబూ ఇంకా?" ఏమో, నాకూ తెలియలేదు. తెలియదనే చెప్పాను. నా జీవితంలో తెలియనిదాన్ని తెలియదని చెప్పడం అదే మొదలు. ఆంటీ కాసేపు వాళ్ళను చూసి, ఫోన్ తీసి, ముహూర్తాలు చూడమని ఎవరికో చెప్పింది.

ఇప్పుడు నడివయసు వచ్చింది. ఎవరేమన్నా మొదటిసారికే అర్థమైపోతోంది. అర్థం కాకపోతే ఇంకోసారి అడిగి నిదానంగా తెలుసుకుంటున్నాను. పెద్దమనిషినయ్యానని అందరూ మెచ్చుకుంటారు. నిజమే గాని, ఇన్నేళ్ళ ఈ పెద్దమనిషి వల్ల ఒక్కరి పెళ్ళయినా కుదిరిందా అంటే, లేదు.