వాగుకు అవతల వరంగల్

కొత్త కోడెను కాడికి అలవాటు చేస్తుంటే అది బెదిరి ముత్తయ్యను కుడి డొక్కలో కుమ్మింది. పైకి చిన్న గీరుడే. పొద్దు నడినెత్తికొచ్చేసరికి మనిషి తెల్లగా పాలిపోయి, పొట్ట బిగుసుకుపోయింది. భార్య ఐలవ్వ కేకలేసింది. మరిది సిద్దిరాములు బండి కట్టాడు.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన మరుసటేటి వానాకాలం అది. చెన్నూరు దాపున ఉన్న చిన్న దవాఖానలో ఒక డాక్టరు, ఒక నర్సు. డాక్టరు లక్ష్మీరాజం ముత్తయ్య పొట్ట తడిమి చూసి ఐలవ్వను పక్కకు పిలిచాడు.

"లోపల కార్జం చినిగింది. నెత్తురు కారుతుంది. వరంగల్ పెద్ద దవాఖానకు కొండవోవాలె."

"కొండవోతం సాబ్."

"ఎట్ల కొండవోతవ్? మంచిర్యాల తొవ్వల వాగొచ్చింది. పొద్దటి సంది బస్సు రాలే."

"మరి మీరే కొయ్యున్రి."

ఆయన అంత పెద్ద కోత ఒంటరిగా ఎన్నడూ కోయలేదు. "కోస్తె నెత్తురెక్కియ్యాలె. ఈడ లేదు."

ఐలవ్వ చెయ్యి చాపింది. "నాది తియ్యున్రి."

"నీది ఆయనకు కలుస్తదో లేదో చూసే సామాను లేదవ్వా. కలవకుంటె అదే సంపుతది."

చాపిన చేతిని ఏం చేయాలో తెలియక ఆమె కొంగులో చుట్టుకుంది.

చివరికి నెత్తురెక్కించకుండానే డాక్టరు కోశాడు. కాలేయం చినిగిన చోట గుడ్డలు కుక్కి, అదిమి పట్టుకొని నిలబడ్డాడు. నెత్తురు ఆగింది.

తెల్లారి ముత్తయ్య కళ్లు తెరిచాడు. "కోడెను కొట్టకున్రి," అన్నాడు. "బెదిరిందది, పాపం."

ఐలవ్వ నవ్వింది, ఏడ్చింది. సిద్దిరాములు వాగు చూసొచ్చి తల అడ్డంగా ఊపాడు. ఆ సాయంత్రం కట్టు మళ్లీ ఎర్రబడింది. డాక్టరు నాడి పట్టుకొని కూర్చున్నాడు. ఆయన చేయగలిగింది అంతే మిగిలింది. దీపాలు పెట్టే వేళకు ముత్తయ్య పోయాడు.

"వరంగల్ల అయితె బతికేటోడా సాబ్?"

డాక్టరు ముత్తయ్య చెయ్యి మెల్లగా మంచం మీద పెట్టాడు. "బతికేటోడేమో అవ్వా."

ఐలవ్వ ఆ తర్వాత చాలా ఏండ్లు బతికింది. నాట్లు వేసింది, కూతురిని సాకింది. ఊళ్లో ఎవరికి డొక్కలో దెబ్బ తగిలినా పరుగున పోయి, "ఇప్పుడే బండి కట్టున్రి," అని బతిమాలేది. "పైకేం లేదు గదనే," అని వాళ్లు లోపలికి పోయేవారు. ఆమె వాకిట్లోనే నిలబడి ఉండేది.