శవం కాలరుకి మైకు

ఆ రోజుల్లో మా బందరులో తండ్రీకొడుకులు నేరుగా మాట్లాడుకోవడం అంత మర్యాదైన పని కాదు. మా ఇంట్లో అయితే మధ్యలో వంటింటి గోడ ఉండేది. "మీవాణ్ణి భోజనానికి రమ్మనవే" అని నాన్న గోడకి చెప్పేవాడు. "వస్తున్నానని చెప్పమ్మా" అని నేను అదే గోడకి జవాబిచ్చేవాణ్ణి. గోడ అవతల అమ్మ పప్పు ఎనుపుకుంటూ రెండు వైపులా వినేది గానీ ఒక్క ముక్కా మోసేది కాదు. మోయాల్సిన అవసరమేముంది, ఒకరిది ఒకరికి ఎలాగూ వినపడేది. ఇప్పుడు మా అమ్మాయి నా పక్కనే సోఫాలో కాళ్లు ముడుచుకు కూర్చుని "నాన్నా, నువ్వు చెప్పేది తప్పు" అని తేలిగ్గా అనేస్తుంటే నాకు ఆ గోడే గుర్తొస్తుంది. ఆ గోడ లేకుండా నేనూ నాన్నా మొట్టమొదటిసారి మనసు విప్పి మాట్లాడుకున్న రోజున నేను చచ్చిపోయి ఉన్నాను. (నాటకంలోలెండి, కంగారు పడకండి.)

నాన్నది పగలంతా రోల్డ్ గోల్డ్ నగలకి మెరుగుపెట్టే పని. తీరికైతే నాటకాలు. కొడుకు మాట వినని కఠినమైన తండ్రి వేషానికి చుట్టుపక్కల ఆయన్ని మించినవాడు లేడని పేరు. స్టేజి మీద ఆయన "నోర్ముయ్!" అని గద్దిస్తే హాలు బయట బఠాణీలమ్మే అతను కూడా కేకలు మానేసేవాడు. (నమ్మకపోతే వెళ్లి చూడండి, పాపం ఇప్పటికీ నెమ్మదిగానే అమ్ముకుంటున్నాడు.) ఆ వేషం ఆయన ఇంటికొచ్చాక తీసేవాడో లేదో నాకెన్నడూ తేలలేదు. అలాంటి మనిషి నాకో సంబంధం చూశాడు. నాగాయలంక వైపు రొయ్యల చెరువులున్న ఒక పెద్దమనిషి కూతురు. ఆయన్ని మా ఇంట్లో అందరూ రొయ్యల మావయ్య అనేవాళ్లు. అమ్మాయి ఫొటో చూశాను, లక్షణంగా ఉంది, ఆమెతో నాకే పేచీ లేదు. పేచీ అంతా చెరువులతో. పెళ్లయ్యాక నేను దివిసీమ వెళ్లి వాటిని చూసుకోవాలట. నాకు చేతనైంది నాన్న పక్కన కూర్చుని గాజులకి మెరుగుపెట్టడం ఒక్కటే. రొయ్యకి మెరుగుపెట్టలేం కదా. పైగా మావయ్య మీసం చూస్తే నాకు చలిజ్వరం వచ్చేది. (దాని ఒక కొస నాగాయలంకలో ఉంటే రెండో కొస కోడూరులో ఉండేది. నేను కొలవలేదు, కొలిచినవాళ్లు చెప్పారు.)

శుక్రవారం తాంబూలాలు అనుకున్నారు. అక్కడ మావయ్య ఒక మెలిక పెట్టాడు. "అబ్బాయిని మీరు స్వయంగా అడిగి, అతని నోటితో సరేననిపించండి బావగారూ. తర్వాత మాట రాకూడదు" అన్నాడు. నాన్న అంతకుముందు నన్ను ఏదీ అడిగి ఎరగడు. ఎలా అడగాలో ఆయనకి తెలీదు, ఎలా వద్దనాలో నాకు తెలీదు. ఆయన వీధిలోంచి వస్తే నేను పెరట్లోంచి జారుకునేవాణ్ణి. ఆయన పెరట్లోకొస్తే నేను డాబా ఎక్కేవాణ్ణి. ఎవరు దగ్గినా నాన్నేనేమోనని గది మార్చేవాణ్ణి. నోరు తెరిచి ఒక్కసారి సరేనన్నానంటే బతుకంతా చెరువు గట్టు మీదే, తెరిచి వద్దన్నానంటే ఆ ఇంట్లో బతుకే లేదు. పోనీ గోడకే చెప్పేద్దామని ఒకరోజు దాని ముందు నిలబడ్డాను. గోడ కూడా నావంక నాన్నలాగే చూసింది.

సరిగ్గా అప్పుడే ఊళ్లో కేబుల్ టీవీ నడిపే అతను నాన్నవాళ్ల నాటకాన్ని వీడియో తీయించి, తాంబూలాలకి ముందొచ్చే ఆదివారం టీవీలో వేస్తానన్నాడు. కథ ఇదీ: తండ్రి బలవంతంగా సంబంధం తెస్తాడు, కొడుకు వద్దంటాడు, తండ్రి వినడు, కొడుకు పెళ్లిపీటల ముందే విషం తాగుతాడు, అప్పుడు తండ్రికి బుద్ధొచ్చి శవం మీద పడి చాలాసేపు ఏడుస్తాడు. కొడుకు వేషం వేసే అతనికి గవదబిళ్లలొచ్చి మొహం గుమ్మడికాయంత అయింది. నాన్న రిహార్సల్సు విని విని నాకు నాటకమంతా కంఠతా వచ్చు. "మీవాణ్ణి రమ్మనవే" అన్నాడు నాన్న గోడతో. తప్పించుకునే దారి లేక వెళ్లి ఆ కొడుకు వేషం కట్టాను.

వీడియో తీసింది మా వీధిలోని ఫోకస్ భాయ్. పెళ్లిళ్లు తీసిన చెయ్యి కావడంతో స్టేజి మీద ఎవరు ఏడ్చినా కెమెరాని ముందు వాళ్ల మెళ్లో నగల మీదికి తిప్పేవాడు. విషం గ్లాసులో మంచినీళ్లు పోస్తే "నీళ్లు కెమెరాకి ఆనవు భాయ్" అని బెల్లప్పాకం పోయించాడు. హాల్లో జనానికి వినపడ్డానికి పైన మైకు వేలాడుతోంది. కెమెరాకి మాత్రం ఆయన దగ్గరున్నది ఒకే ఒక్క కాలరు మైకు. దాన్ని తెచ్చి నా చొక్కాకి పెట్టి, పైన పూలదండ సర్దాడు. "నాకెందుకు భాయ్, నేను చచ్చిపోతాను కదా" అన్నాను. "అందుకే! ఆఖరి సీన్లో ఏడ్చేవాళ్లంతా ఎవరి మీద పడి ఏడుస్తారు? నీ మీదేగా!" అన్నాడు. ఆ తెలివికి అందరం ముచ్చటపడ్డాం. నాన్న ఆ మాటలప్పుడు లోపల రంగు పూసుకుంటున్నాడు.

విషం తాగి పడ్డాను. మూతి చివర పాకం కారుతోంది. మధ్యాహ్నం పూట, తలుపులు తెరిచిన హాలు. బందరు హల్వా దుకాణాల ముందుండే ఈగలన్నీ దుకాణాలు మూసేసుకుని నా మూతి మీదికొచ్చాయి. శవం మూతి కదపకూడదు కదా. ఇంతలో నాన్న వచ్చి మీద పడ్డాడు. "నాయనా! ఒక్కసారి కళ్లు తెరువు నాయనా! నీ ఇష్టమే నా ఇష్టం నాయనా!" అని హాలు దద్దరిల్లేలా ఏడ్చాడు. హార్మోనియం అందుకుంది. ఆ సందులో నా చెవి దగ్గర గుసగుస మొదలైంది.

"శుక్రవారం వాళ్లొస్తున్నారు. సరేనను."

నా గుండె నిజంగానే ఆగింది. వారం రోజులుగా నేను దొరక్కుండా తిరుగుతున్న మనిషికి, పారిపోవడానికి వీల్లేని ఒకే ఒక్క చోట దొరికిపోయాను.

"ఏరా, నిన్నే."

"నేను శవాన్ని నాన్నా."

"తెలుసులే. సరేనను."

"నావల్ల కాదు." పెదవులు కదపకుండా అన్నాను. పుట్టి బుద్ధెరిగాక ఆయనతో అన్న మొదటి 'కాదు' అదే.

"కళ్లు తెరువు నాయనా!" అని పైకి అరిచి, "తెరిచావంటే కాళ్లు విరగ్గొడతా. ఏం, పిల్లకేం తక్కువ?" అన్నాడు లోపలికి.

"రొయ్యలంటే భయం."

"రొయ్యలంటే భయమేంట్రా! వాటిని మనం తింటాం గదరా!"

"ఆ మావయ్య మీసమంటే భయం."

"ఆయన్ని కాదు నువ్వు చేసుకునేది!" అంటూ కండువాతో నా మొహం మీద టపటపా విసురుతున్నాడు. పైకి తిట్టలేక అలా కసి తీర్చుకుంటున్నాడనుకున్నాను. అంత భయంలోనూ ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలీదు, ఒక మాట వచ్చేసింది.

"పైకి అంటున్న మాటే నిజంగా అనొచ్చుగా నాన్నా."

ఆయన ఆగిపోయాడు. హార్మోనియం అయిపోయింది, ఆయన డైలాగు రాలేదు. తెర పక్క నుంచి అందించినా రాలేదు. దుఃఖంతో గొంతు పూడుకుపోయిందనుకుని జనం చప్పట్లు కొట్టారు.

ఆదివారం మధ్యాహ్నం రొయ్యల మావయ్య చెప్పాపెట్టకుండా చెల్లెల్ని వెంటబెట్టుకుని దిగాడు. "ఇల్లు చూసినట్టుంటుంది, అబ్బాయిని టీవీలో చూసినట్టూ ఉంటుంది" అన్నాడు. నేను వద్దన్న సంగతి నాన్న చెప్పాడో లేదో తెలీక గది మూల నేల మీద కూర్చున్నాను. అమ్మ హల్వా పెట్టింది. ఆఖరి సీనొచ్చింది. నాన్న ఏడుపు ఎక్కడో కోనేరు సెంటర్లో ఏడుస్తున్నట్టు దూరంగా ఉంది, గుసగుసలు మాత్రం గదిలో మన పక్కన కూర్చుని చెప్పినట్టున్నాయి. అప్పుడర్థమైంది, ఫోకస్ భాయ్ తెలివి ఎంతటిదో. నేను మోకాళ్లలో తల దూర్చి కళ్లు మూసుకున్నాను, బతికుండగానే రెండోసారి శవమయ్యాను. "ఆ మావయ్య మీసమంటే భయం" అని నా గొంతే బందరు ఊరంతటికీ వినిపించింది. ముందు నవ్వింది మావయ్య చెల్లెలు, నోట్లో హల్వాతో.

మావయ్య నాటకం పూర్తయ్యేదాకా మర్యాదగా కూర్చుని, లేచి చెయ్యి కడుక్కున్నాడు. "బతికున్నప్పుడు చెప్పలేని మాట పాపం చచ్చి చెప్పాడండీ కుర్రాడు. ఇప్పుడే తెలిసింది, మంచిదైంది. శుక్రవారం వద్దులెండి బావగారూ" అన్నాడు. గుమ్మం దగ్గర ఆగి నావైపు తిరిగాడు. "నన్ను చూస్తే భయమన్నావు, ఒప్పుకున్నా. మా రొయ్యలేం చేశాయయ్యా నిన్ను?"

నాన్న ఆ సాయంత్రం గోడతో కూడా మాట్లాడలేదు. తెల్లారి పనిలో కూర్చున్నప్పుడు మాత్రం ఒక గాజుల జత నా ముందుకి తోసి, "అంచులు చూసి పెట్టు" అన్నాడు. నాతోనే అన్నాడు. మధ్యలో గోడ లేదు.

ఇదంతా ఇప్పుడెందుకంటే, గుడివాడ నుంచి ఒక మంచి సంబంధం వచ్చింది, శుక్రవారం వస్తామన్నారు. మా అమ్మాయి ఒప్పుకోదు. నేను నాన్న గొంతు అరువు తెచ్చుకుని రెండు రోజులు గద్దించాను. ఆమె నోర్ముయ్యలేదు సరికదా, మా ట్రంకుపెట్టెలో పడున్న ఆ నాటకం వీడియో క్యాసెట్టుని ఎక్కడో ఫోన్లోకి ఎక్కించుకొచ్చి, నా పక్కన కూర్చుని చూపించింది. ఆ సీను నేను కళ్లు తెరిచి చూడటం అదే మొదటిసారి. నాన్న పోయి చాలా ఏళ్లయింది. తెర మీద ఏడుస్తున్నాడు, మధ్యమధ్య నా చెవిలో కాళ్లు విరగ్గొడతానంటున్నాడు, ఆ మాట అంటూనే కండువా కొసతో నా మూతి మీద వాలే ఈగల్ని ఒక్కొక్కదాన్నే తోలుతున్నాడు. నేనడిగిన మాటకి ఆయన డైలాగు ఆగిపోయింది గానీ, ఆ చెయ్యి ఆగలేదు.

"తాతయ్య మంచి యాక్టరు నాన్నా" అంది అమ్మాయి.

"అవునమ్మా" అన్నాను.

"మరి గుడివాడవాళ్లకి ఏం చెప్తావు?"

గొంతు సవరించుకున్నాను. హార్మోనియం లేదు, తెర పక్క నుంచి అందించేవాళ్లూ లేరు. "నీ ఇష్టమే నా ఇష్టం" అన్నాను, మామూలుగా.

అది నావంక అనుమానంగా చూసి, ముందుకి వంగి నా చొక్కా కాలరు ఎత్తి చూసింది.

"ఏంటే?"

"ఏం లేదు. మైకేమైనా పెట్టుకున్నావేమోనని."