పడిపోవలసిన గోడ

1981 ఏప్రిల్‌లో న్యూజెర్సీ తీరాన ఒక చిన్న పట్టణపు ఇంజనీరింగ్ ఆఫీసులో అసిస్టెంట్ ఇంజనీరుగా చేరాను. ఒకవైపు అట్లాంటిక్, రెండోవైపు ఉప్పుటేరు, మధ్యలో నాలుగు వీధుల వెడల్పున్న ఇసుక దిబ్బ మీద ఉన్న ఊరది. ఆఫీసులో మేం నలుగురం. అందరికీ పైన కన్‌స్ట్రక్షన్ అఫీషియల్. ఇల్లు కట్టడానికి పర్మిట్, కట్టాక కాపురం ఉండవచ్చని సర్టిఫికెట్, తప్పు కడితే నోటీసు, మూడూ ఆయన సంతకంతోనే వెళ్లాలి. ఆయన కింద ఒక ఇన్‌స్పెక్టరు, ఒక క్లర్కు, నేను. నాకు అప్పగించినవి వరద ఫైళ్లు. నా ప్రతిభ చూసి ఇచ్చారనుకోకండి. ఆ పని మిగతా ఇద్దరూ వద్దన్నారు, అంతే.

అప్పటికి ఫెడరల్ ప్రభుత్వం తీరంలోని ఊళ్లకు వరద మ్యాపులు తయారుచేసి ఇచ్చి కొన్నేళ్లయింది. మ్యాపులో ప్రతి స్థలానికీ ఒక జోను, ఒక ఎత్తు ఉంటాయి. పెద్ద తుఫాను వస్తే నీళ్లు ఎంతవరకూ లేస్తాయో ఆ ఎత్తు చెబుతుంది. సముద్రానికి ఎదురుగా ఉన్న వీధులు 'వి' జోనులోకి వస్తాయి. అక్కడ నీళ్లు రావడంతో సరిపోదు, అలలు కూడా వచ్చి కొడతాయి. అందుకని అక్కడ కట్టే ఇంటిని పైల్స్ మీద, అంటే ఇసుకలోకి లోతుగా దిగగొట్టిన లావుపాటి కొయ్య స్తంభాల మీద, ఆ ఎత్తుకు పైన నిలబెట్టాలి. కింద కార్లు పెట్టుకోవచ్చు, సామాన్లు పెట్టుకోవచ్చు, మెట్లు ఉండవచ్చు. మనుషులు మసలే గది ఉండకూడదు. కింది భాగానికి గోడలు కావాలంటే పల్చటి చెక్కతో, అల దెబ్బకు ఊడిపోయేలా కట్టాలి. వాటిని బ్రేక్‌అవే గోడలంటారు. ఆ గోడ ఊడి కొట్టుకుపోతే నీళ్లు స్తంభాల మధ్య నుంచి దారి చూసుకుంటాయి, ఇల్లు నిలుస్తుంది. గోడ ఊడకపోతే అల బరువంతా దాని మీద పడి, దాని నుంచి స్తంభాలకు చేరి, ఇంటి మొత్తాన్నీ లాగేస్తుంది. ఇంత చిన్న సంగతి. ఉద్యోగం ఉన్నన్నాళ్లూ దీన్ని ఎంతమందికి చెప్పానో గుర్తులేదు, విన్నవాళ్లను మాత్రం వేళ్ల మీద లెక్కపెట్టగలను.

1983లో డాక్టర్ సుధాకర్‌కు మా పక్క ఊరి ఆస్పత్రిలో, మత్తుమందు ఇచ్చే విభాగంలో ఉద్యోగం వచ్చింది. మావీ వాళ్లవీ తెనాలి దగ్గరి ఊళ్లు. చుట్టరికం లేకపోయినా నన్ను అక్కా అనీ మావారిని బావగారూ అనీ పిలిచేవాడు. అతని భార్య సునంద కూచిపూడి బాగా నేర్చుకున్న మనిషి. జెర్సీ సిటీ అపార్ట్‌మెంటులో ఉన్నప్పుడు కింది వాటావాళ్లు కర్రతో సీలింగు పొడుస్తున్నారని గజ్జెలు కట్టడమే మానేసింది. ఇప్పుడు సొంత ఇల్లు కొనుక్కుని, శనివారాలు మనవాళ్ల పిల్లలకు డాన్స్ క్లాసు పెట్టాలని ఆమె ఆశ. సముద్రానికి ఎదురుగా ఒక ఇల్లు నచ్చిందనీ, ఆదివారం వచ్చి చూడమనీ సుధాకర్ ఫోన్ చేశాడు. చేసింది మావారికి.

మావారు ఫార్మసిస్టు. మందుల సంగతి ఆయనకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. ఇళ్ల సంగతి మా కుక్కపిల్లకు తెలిసినంతే తెలుసు. నేను రోజూ ఆఫీసులో చేసే పని ఇదేనని తెలిసి కూడా సుధాకర్, "బావగారూ, మీరొకసారి చూసి ఓకే అంటే సైన్ చేసేస్తాం" అన్నాడు. ఒళ్లో పులిహోర డబ్బా పెట్టుకుని నేను కారులో పక్క సీట్లో కూర్చుని వెళ్లాను.

ఆ ఇల్లు మా ఊళ్లోనే ఉంది. సుధాకర్ దిక్సూచి పట్టుకుని గదులన్నీ తిప్పాడు. తూర్పున నీళ్లున్నాయి, ఈశాన్యంలో బరువు లేదు, వాస్తు బ్రహ్మాండమన్నాడు. చెదలు లేవన్న రిపోర్టు చూపించాడు. పిల్లలు పుట్టకముందే స్కూలు ఎంత దూరమో కొలిచి వచ్చాడు. ఇల్లు ఎంత ఎత్తులో ఉందని మాత్రం ఎవరినీ అడగలేదు. తరువాత మమ్మల్ని కిందికి తీసుకెళ్లాడు. స్తంభాల మధ్య ఖాళీగా ఉండవలసిన చోట నాలుగు వైపులా సిమెంటు దిమ్మెల గోడలు లేపి, తెల్లరంగు వేసి, నేలకు చెక్క పరిచి, ఒక గోడకు నిలువుటద్దాలు బిగించి ఉన్నాయి. కరెంటు పెట్టె కూడా అక్కడే ఉంది. ఆ గది చూసే సునంద ఇల్లు కావాలంది.

మావారు గోడ మీద పిడికిలితో కొట్టారు. అమెరికా వచ్చినప్పటినుంచీ మనవాళ్లకు ఉన్న అలవాటది. ఇక్కడి గోడలు కొడితే బోలుగా మోగుతాయి. ఇటుక గోడల మధ్య పెరిగిన మనకు అవి అట్టపెట్టెల్లా అనిపిస్తాయి. ఈ గోడ మోగలేదు. ఇదీ గోడంటే అన్నారు మావారు. సుధాకర్ మొహం వెలిగిపోయింది.

నాకు ఒళ్లు మండింది. గోడ స్తంభాలను కలిసే చోట వంగి చూస్తే, ఇనుప బోల్టులతో బిగించేసి ఉంది. ఈ గోడ ఇలా ఉండకూడదనీ, గట్టిగా ఉండడమే దీని ప్రమాదమనీ చెప్పి, అలలూ స్తంభాలూ అన్నీ వివరించాను. ఇల్లు చూపిస్తున్న ఏజెంటు చిరునవ్వు చెదరకుండా, ఇది పాత కట్టడం, కొత్త రూల్స్ దీనికి వర్తించవన్నాడు. ఇల్లు కట్టి నాలుగేళ్లే అయింది, రూల్స్ అంతకు ముందువి. అయినా సుధాకర్ చెవికి ఎక్కింది ఆ ఏజెంటు మాటే. "అక్కా, గోడ గట్టిగా ఉండడం కూడా తప్పేనా? మీ ఆఫీసు వాళ్లకి ఎలా కట్టినా ప్రాబ్లమే" అని నవ్వాడు. మావారూ నవ్వారు. ఆ నవ్వుకు ఆయన ఇంటికొచ్చాక బదులు చెప్పుకోవలసి వచ్చింది.

సోమవారం ఆఫీసులో ఆ ఇంటి ఫైలు తీశాను. పర్మిట్ డ్రాయింగులో కింది భాగం పక్కన స్పష్టంగా రాసి ఉంది: బ్రేక్‌అవే గోడలు, కార్లకూ సామాన్లకూ మాత్రమే. సిమెంటు గోడలకు ఎవరూ పర్మిట్ అడగలేదు. సర్టిఫికెట్ పుచ్చుకున్నాక కట్టేశారన్నమాట. అంతకంటే మండించిన కాగితం ఇంకొకటుంది. కింద గది కడుతున్నారని పక్కింటివాళ్లు అంతకు రెండేళ్ల ముందే ఫిర్యాదు ఇచ్చారు. దాని మీద మా ఇన్‌స్పెక్టరు, 'సామాన్ల గది అని యజమాని చెప్పారు, సరే' అని రాసి సంతకం పెట్టాడు. తలుపు తీసి చూసిన పాపాన పోలేదు. ఇల్లు చేతులు మారేముందు మా ఆఫీసు చేసే తనిఖీ కూడా ఆ ఇంటికి అయిపోయింది. పొగ అలారాలు మోగుతున్నాయా, మెట్లకు రెయిలింగు ఉందా అని చూసి పాసు చేసేశారు.

ఫైలు తీసుకుని మా ఆఫీసరు గదికి వెళ్లి, ఈరోజే నోటీసు పంపాలన్నాను. ఆ ఇంటి యజమాని టౌన్ కౌన్సిల్లో ఒకరికి దగ్గరి బంధువని మా అందరికీ తెలుసు. మా ఆఫీసరు ఆ ఊసు ఎత్తలేదు. శుక్రవారం క్లోజింగ్ ఉందట కదా, అంటే లాయరు దగ్గర సంతకాలై ఇల్లు చేతులు మారే రోజు, అది అయిపోయాక కొత్త యజమాని పేరున పంపుదామన్నారు. కట్టడంలో తప్పు ఇంటితోపాటే వెళుతుంది, ఇల్లు ఎవరి పేరున ఉంటే వాళ్లే సరిచేయించుకోవాలి, చట్టం అదే కదా అన్నారు. చట్టం నిజంగా అదే. నాకు అంత కోపం రావడానికి కారణం కూడా అదే. తప్పు కట్టినవాడు అమ్ముకుని చేతులు దులుపుకుంటాడు. కొన్నవాడు తాళాలు అందుకున్న మర్నాడు నోటీసు అందుకుంటాడు. అందుకు ముహూర్తం మా ఆఫీసు పెడుతుంది. ఇదంతా ఆయన నాకు ఎంతో మర్యాదగా, కాఫీ కూడా ఇప్పించి చెప్పారు. నేను వెనక్కి వచ్చి, తప్పేమిటో, ప్రమాదమేమిటో తేదీ వేసి మెమో రాశాను. ఆయన దాని మీద చూసినట్టు పొడి అక్షరాలు వేసి ఫైల్లో పెట్టించారు.

టౌన్ ఉద్యోగులు ఆ ఊళ్లో ఇల్లు కొనేవాళ్లకు సొంతంగా సలహాలివ్వకూడదని మాకు రూలు. కాని ప్రతి ఇంటి ఫైలూ పబ్లిక్ రికార్డు. ఎవరు వచ్చి అడిగినా కౌంటరు మీద పెట్టి చూపించాల్సిందే. ఆ మాటే చెప్పి, ఒక్కసారి వచ్చి ఫైలు అడగమని సుధాకర్‌కు ఫోన్ చేశాను. బ్యాంకువాళ్లు మనిషిని పంపించారనీ, లాయరు చూశాడనీ, ఇంతమంది చూశాక ఇంకేం చూడాలనీ అన్నాడు. బ్యాంకు మనిషి చూసింది ఇంటి విలువ. లాయరు చూసింది యజమాని హక్కు. నీళ్ల ఎత్తు చూడడం వాళ్లలో ఎవరి పనీ కాదు. ఇది చెప్పేలోపే అతనికి ఆపరేషన్ థియేటరు నుంచి పిలుపొచ్చింది. నేను సునందకు ఫోన్ చేశాను.

బుధవారం లంచ్ టైములో ఆమె ఒక్కతే బస్సులో వచ్చింది. క్లర్కు ఇచ్చిన ఫారం నింపి ఫైలు అడిగింది. మా ఆఫీసరు గది తలుపు తెరిచే ఉంది. నేను కాగితం మీద ఉన్న ముక్కలు తప్ప ఒక్కటి కూడా ఎక్కువ చెప్పకూడదనుకున్నాను. డ్రాయింగు పరిచి, ఉన్నది ఉన్నట్టు తెలుగులో చదివాను.

"అంటే వదినా, ఇది పడిపోవడానికే కట్టాల్సిన గోడా?" అంది.

"అవును. ఇది పడకపోతే ఇల్లు పడుతుంది."

ఆమె డ్రాయింగు తన వైపు తిప్పుకుంది. "క్లాస్‌కి పన్నెండుమంది పిల్లలు వస్తామన్నారు. అమ్మలంతా నన్ను నమ్మి వదిలిపెట్టి వెళ్తారు" అంది. కాపీ తీయించుకుని, మడతపెట్టి హ్యాండ్‌బ్యాగులో పెట్టుకుంది.

శుక్రవారం లాయరు ఆఫీసులో కాగితాలన్నీ బల్ల మీద పరిచాక, లోను ఇద్దరి పేరునా ఉంది కాబట్టి ఆమె సంతకం కూడా కావలసి వచ్చింది. ఆమె ఆ కాపీ తీసి అందరి ముందూ పెట్టి, కింది గోడలు తీసేసి ఇస్తామని రాసిస్తేనే సంతకం పెడతానంది. ఏజెంటు బెదిరించాడు. సుధాకర్ బతిమాలాడు, తరువాత కోప్పడ్డాడు. అమ్మేవాళ్లు రాసివ్వలేదు, ఆమె సంతకం పెట్టలేదు. నలుగురిలో పరువు తీసిందని ఆమె మీదా, ఎక్కించింది నేనేనని నా మీదా అతను మండిపడ్డాడు. మా ఇంటికి ఎనిమిది నెలలు రాలేదు. ఎక్కించింది నేనేనన్న మాట నిజమే. వాళ్లు తీరానికి దూరంగా మామూలు ఇల్లొకటి కొనుక్కున్నారు. సునంద అక్కడి బేస్‌మెంటులో క్లాసు పెట్టింది.

ఇంతవరకూ నా గొప్ప. ఈ కథను పదేళ్లపాటు ఇక్కడితో ఆపి చెప్పుకున్నాను కూడా.

ఆ ఇల్లు రెండు నెలల్లో వేరేవాళ్లకు అమ్ముడుపోయింది. ఆ కాగితం నా బల్ల మీదుగానే వెళ్లింది. కొన్నవాళ్ల పేరు చదివాను, మర్చిపోయాను. మా ఆఫీసరు పంపుతానన్న నోటీసు పాత యజమానికీ వెళ్లలేదు, కొత్త యజమానికీ వెళ్లలేదు. నేనూ మళ్లీ అడగలేదు. మనవాళ్లు బయటపడ్డారు కదా అని నా కోపం చల్లారిపోయింది.

మరుసటి ఏడాది చలికాలం చివర్లో తుఫాను వచ్చింది. ఊరు ఖాళీ చేయమని ముందే చెప్పాం. ఆ వీధిలో కింది గోడలు ఊడిపోయిన ఇళ్లన్నీ నిలబడ్డాయి. ఆ ఇంట్లో మాత్రం గోడలు ఊడలేదు. స్తంభాలను పెకలించుకుని ఇల్లంతా రోడ్డు మీదికి ఒరిగిపోయింది. ఆ ఇంటాయన స్కూలు బస్సు డ్రైవరు. భార్యాపిల్లల్ని పంపేసి, కింది గదిలో సామాను పైకి చేర్చి బయల్దేరదామని ఆగాడట. నడుము విరిగింది. బతికాడుగాని మళ్లీ నడవలేదు.

కొన్ని వారాల తరువాత ఆయన భార్య మా కౌంటరుకు వచ్చి ఫైలు అడిగింది. అడిగితే చూపించాల్సిందే కాబట్టి తెచ్చి పెట్టాను. ఒక్కొక్క కాగితమే తిప్పుతూ నా మెమో దగ్గర ఆగింది. తేదీ చూసింది. అది వాళ్లు కొనకముందు తేదీ. కింద ఉన్న పేరు మీదేనా అని అడిగింది. అవునన్నాను.

"మీకు తెలుసు" అంది.

నోటీసు ఇచ్చే అధికారం నాకు లేదని చెప్పబోయాను. అది నిజమే. కాని సునందకు ఫోన్ చేయడానికి కూడా నాకు ఏ అధికారమూ లేదు. అప్పుడు అధికారం కోసం ఆగలేదు. డ్రైవరు భార్య అడిగిన కాగితాలకు కాపీలు తీసి ఇచ్చాను. ఆమె అవి తీసుకుని వెళ్లిపోయింది. మా ఆఫీసరు ఆ ఏడాదే రిటైరయ్యారు. టౌన్ హాల్లో పార్టీ చేసి, ఊరిని కాపాడినందుకని పేరు చెక్కిన పలక ఇచ్చారు. నేనూ చప్పట్లు కొట్టాను. ఆ చప్పట్లు తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

తరువాత వచ్చిన ఆఫీసరుతో పోట్లాడి ఒక పద్ధతి పెట్టించాను. వి జోనులో ఇల్లు అమ్మకానికి వస్తే నేనే టార్చి లైటు పట్టుకుని ఇంటి కిందికి వెళ్లి చూసేదాన్ని. డ్రాయింగుకు తేడా ఉంటే క్లోజింగ్‌కు ముందే అమ్మేవాళ్లకు నోటీసు, కొనేవాళ్లకు రిజిస్టర్డ్ పోస్టులో దాని కాపీ వెళ్లేవి. కౌన్సిల్ నుంచి ఎన్ని ఫోన్లు వచ్చినా ఆపలేదు.

ఇప్పటికీ మనవాళ్లు సముద్రం పక్కన ఇల్లు చూసి, ఆంటీ మీరొకసారి వచ్చి చూడండి అని పిలుస్తుంటారు. వెళ్లను. టౌన్ ఆఫీసుకు వెళ్లి ఫైలు అడగమంటాను. ఇల్లు ఏ జోనులో ఉందో, కింది నేల ఎంత ఎత్తులో ఉందో, ఇంటి కింద ఉన్నది డ్రాయింగులో ఉన్నదేనో కాదో కళ్లతో చూసుకోమంటాను. తెలిసినవాళ్లు చెబుతారులే అని కూర్చోవద్దంటాను. తెలిసినవాళ్లకు నేను చెప్పాను. ఆ బస్సు డ్రైవరు నాకు తెలియదు.