కాబోయే మావగారిని కోళ్ల షాపుకెక్కించిన వైనం

కాబోయే మావగారి ముందు చెమటలు పట్టినవాళ్లుంటారు, నోట మాట రానివాళ్లుంటారు. కోడిని తీసేసి ఆ స్థానంలో ఆయన్ని నిలబెట్టి, పక్కనే శ్రద్ధాంజలి కూడా ఘటించినవాణ్ణి మాత్రం నేనొక్కణ్ణే అనుకుంటాను. ఎలా జరిగిందో చెబుతాను, హాయిగా నవ్వుకోండి. ఏడవాల్సిందంతా నేను ఆ రోజే ఏడ్చేశాను.

అప్పట్లో నేను అమలాపురం బస్టాండు దగ్గర మా రాజు బాబాయి ఫ్లెక్సీ షాపులో డిజైనర్ని. డిజైనర్లందరూ మౌసుతో బొమ్మ మీద నొక్కి బుద్ధిగా పని చేసుకుంటారు. ఇంజనీరింగు చదివిన నాకు అది నామోషీగా ఉండేది. నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలతో ఆజ్ఞ టైపు చేస్తే కంప్యూటరు గడగడలాడుతూ చెయ్యాలి, అదీ దర్జా. అందుకని బొమ్మలు కనిపించే తెర కిందే ఒక నల్ల పెట్టె తగిలించాను. పైన మౌసు, కింద ఆజ్ఞ. "ఫొటో మార్చు" అని కొడితే ఫొటో మారుతుంది, "ప్రింటు" అని కొడితే పక్కగదిలో మిషను కదులుతుంది.

అక్కడితో ఆగితే నేనెందుకవుతాను? మన వైపు కంప్యూటరుకి మర్యాద లేకపోతే ఎలాగని, ఏ పనికైనా ముందు "చేసేయమంటారాండీ?" అని తెర మీద అడిగేలా రాశాను. జవాబు టైపు చెయ్యక్కర్లేదు, మైకులో అవునన్నట్టు "ఆయ్" అంటే చాలు.

బాబాయి చూసి, "బానే ఉంది గానీ, మనం ఊపిరి పీల్చినన్నిసార్లు ఆయ్ అంటాం కదరా," అన్నాడు.

పెద్దవాళ్లకి టెక్నాలజీ ఏం తెలుస్తుందిలే అని జాలిపడ్డాను.

ఆ మధ్యాహ్నం రాజోలు వైపు నుంచి హెడ్మాస్టరు దేవదానం గారు, వాళ్లమ్మాయి గ్రేస్ వచ్చారు. సాయంత్రం ఆయన రిటైర్మెంటు సభకి ఫ్లెక్సీ కావాలి. అది పైకి చెప్పిన మాట. మా ఇళ్లల్లో నాకూ గ్రేస్‌కీ సంబంధం మాట్లాడుతున్నారు, కుర్రాడు ఎలాంటివాడో పని దగ్గరే చూద్దామని వచ్చారాయన. గ్రేస్‌ని చూసిన మరుక్షణమే, ఈ సంబంధం తప్పిపోతే నాకిక బతుకే లేదని తీర్మానించేసుకున్నాను.

తెర నా వైపు తిరిగి ఉంది. రోల్ వృథా కాకుండా ఆ రోజు కొట్టాల్సిన ఫ్లెక్సీలన్నీ ఒకే పేజీలో పక్కపక్కన పేర్చి ఉన్నాయి. మాస్టారిది, కొత్త కోళ్ల షాపుది, కొబ్బరి మొక్కల నర్సరీది, ఎవరో పెద్దాయన శ్రద్ధాంజలి.

"నా ఫొటో పాతదండి. అమ్మాయి ఫోన్లో కొత్తది ఉంది, అది పెట్టండి," అన్నారు మాస్టారు.

కొత్త ఫొటో ఎక్కించి, పాతదాని మీద ఠీవిగా మౌసుతో నొక్కాను. చుట్టూ నీలం గీత వచ్చింది. కింద "ఫొటో మార్చు" అని కొట్టాను. మౌసు ఎవరిని ముట్టుకుందో నల్ల పెట్టెకి చెప్పే ఏర్పాటు నేను చెయ్యనేలేదు. అంతకుముందు పరీక్షించినదంతా ఒక్క ఫొటో ఉన్న పేజీ మీదే మరి. పెట్టె పాపం వినయంగానే అడిగింది: "పేజీలో ఫొటోలన్నీ మార్చేయమంటారాండీ?"

చదివితేగా? నా చూపంతా గ్రేస్ మీదే ఉంది.

"మీ అమ్మగారి పుట్టిల్లు తాటిపాకేనాండీ?" అన్నారు మాస్టారు.

"ఆయ్," అన్నాను.

తెర చూడకుండా టైపు చెయ్యగలనని గ్రేస్‌కి తెలియాలి కదా, అలాగే "ప్రింటు" కొట్టాను. "పేజీ అంతా ప్రింటు తీసేయమంటారాండీ?" అంది పెట్టె.

"ఆదివారం చర్చికి వెళ్తారా బాబూ?"

"ఆయ్."

మేం టీలు తాగేలోపు బాబాయి రోల్ తెచ్చి బల్ల మీద పరిచాడు. పరిచి, "ఒరే," అని నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు.

మాస్టారు కళ్లజోడు పెట్టుకుని, పరీక్ష పేపర్లు దిద్దుతున్నట్టు ఒక్కొక్కటే చదివారు. ఆయన చిరునవ్వు కింద "మీ కళ్లముందే కోసి ఇవ్వబడును". మళ్లీ అదే చిరునవ్వు కింద "మేలు జాతి మొక్క, తొందరగా కాపుకొచ్చును". చివరిదాంట్లో మెడలో దండ, కింద "మీరు లేని లోటు తీరనిది".

"సాయంత్రం దాకా ఉద్యోగం ఉందండి నాకు. మీరు మరీ తొందరపడ్డేరు," అన్నారు.

గ్రేస్ చున్నీ నోటికి అడ్డం పెట్టుకుంది, ఆగలేదు, కళ్లమ్మట నీళ్లు కారేలా నవ్వేసింది.

"నాన్నగారూ, కోళ్ల షాపులోనే బాగా పడ్డేరండి," అంది.

"క్షమించండి మాస్టారూ. మీది వెంటనే మళ్లీ కొట్టించేస్తానండి. ఇక ఆ సంబంధం సంగతి... నాకర్థమైందండి," అన్నాను.

ఆయన కూతురి వైపే చూస్తున్నారు. "ఇప్పటిదాకా వచ్చిన సంబంధాలన్నిటికీ తల దించుకుని కూర్చుందండి. నవ్వడం ఇదే మొదలు. పిల్లనిస్తాం. పెళ్లి ఫ్లెక్సీ మాత్రం వేరే షాపులో కొట్టిద్దామండి."

కాబట్టి పాఠకదేవుళ్ల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: మౌసు చూపించినదేదో ఆజ్ఞ తీసుకునే పెట్టెకి తెలియజెయ్యకుండా, పెట్టె అడిగింది చివరి అక్షరం దాకా చదవకుండా, పిల్లనిచ్చేవారి ఎదుట ఇంకెన్నడూ ఏ ఫొటో మార్చను. రాసి మా మావగారికి చూపించాను. "పిల్లనిచ్చేవారి ఎదుట" అన్నచోట ఎర్ర పెన్నుతో గీత గీసి, "ఇంకా ఎవరిస్తారనండి మీకు?" అన్నారు.